మంత్రి గారూ, కాగితం టికెట్ కొన్నవాళ్ల డబ్బు ఎందుకు తిరిగి రాదు?

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ విషయం మీద ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ కింది అధికారులకు రాశాను. ఒకదానికి "నిబంధనల ప్రకారం వాపసు వర్తించదు" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. మిగతా రెండింటికి ఆ జవాబు కూడా లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

వెయిటింగ్ లిస్ట్ టికెట్ నిబంధనలు మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ నిబంధనలు ఒక పెద్దాయన చేత ఎంత తిరుగుడు తిప్పించాయో మాత్రం చెప్తాను.

మా నాన్నకి 74 ఏళ్లు. 2025 మే నెలలో అమ్మని కంటి డాక్టర్‌కి చూపించడానికి సికింద్రాబాద్ వెళ్లాల్సి వచ్చింది. నెల ముందే కౌంటర్‌కి వెళ్లి, ఫారం నింపి, రెండు స్లీపర్ టికెట్లు తీసుకున్నారు. వెయిటింగ్ లిస్ట్ 31, 32. నెల టైం ఉంది కదా, ఖరారైపోతాయని అందరం అనుకున్నాం. ఆయన రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి పీఎన్ఆర్ చూడమనేవారు. 31 కాస్తా 20 అయింది, 12 అయింది, చివరి రోజు పొద్దున 6 దగ్గరుంది. అమ్మ బట్టలు సర్దేసింది. బండి రాత్రి 11 దాటాక. చార్ట్, అంటే బెర్తులు ఎవరికి వచ్చాయో చెప్పే చివరి జాబితా, బయటికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. 4, 5 దగ్గర ఆగిపోయాయి.

స్టేషన్ మా ఊరికి 14 కిలోమీటర్లు. రిజర్వేషన్ కౌంటర్ ఎనిమిదింటికి మూసేస్తారు. ఆ టైంలో ఆటో ఎక్కినా అందదు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి, ఓటీపీ చెప్పి టికెట్ క్యాన్సిల్ చేయించాం. క్యాన్సిల్ అయింది. డబ్బు మాత్రం రాదు. దాని కోసం మర్నాడు కౌంటర్ తెరిచాక మొదటి రెండు గంటల్లో అసలు టికెట్ తీసుకెళ్లి ఇచ్చుకోవాలి.

నాన్న మొదటి బస్సుకే బయల్దేరారు. ఏడున్నరకల్లా కౌంటర్ ముందున్నారు. అప్పటికే అక్కడ తత్కాల్ కోసం తెల్లవారుజామున వచ్చి, కాగితం మీద పేర్లు రాసుకుని కూర్చున్నవాళ్లున్నారు. పనిచేసే కిటికీ ఒక్కటే. క్యాన్సిలేషన్‌కి వేరే లైన్ లేదు. "నాది కొత్త టికెట్ కాదు బాబూ, డబ్బు తీసుకుని వెళ్లిపోతాను, ఒక్క నిమిషం" అని బతిమాలారట. ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్లని మాత్రం ఏమనగలం? వాళ్లకీ పెళ్లిళ్లు, పరీక్షలు, ఆసుపత్రులు ఉంటాయి. పదింటికి ఏసీ తత్కాల్ మొదలైంది. లోపలి ఆయన అదే పనిలో పడ్డారు. నాన్న వంతు వచ్చేసరికి పది ఇరవై అయింది.

"రెండు గంటలు దాటిపోయింది పెద్దాయనా, సిస్టమ్ తీసుకోదు" అన్నారట.

ఆ గుమాస్తా మీద నాకు కోపం లేదు. ఆయన మర్యాదగానే మాట్లాడారని నాన్నే చెప్పారు. డబ్బు కోసం రైల్వే అధికారులకి ఉత్తరం రాసుకోమన్నారు, రాశాం. పైన చెప్పిన రెండు లైన్ల జవాబు దానికి వచ్చిందే.

అదే రోజు అదే బండికి మా పక్కింటి అబ్బాయికి కూడా వెయిటింగ్ లిస్టే. అతను ఫోన్‌లో తీసుకున్నాడు. చార్ట్ వచ్చాక టికెట్ దానంతట అదే రద్దయిపోయిందని మెసేజ్ వచ్చింది. అతను అన్నం తిని పడుకున్నాడు. నాలుగో రోజు డబ్బు ఖాతాలో పడింది. బండి ఒకటే, తరగతి ఒకటే, చార్ట్ ఒకటే. బెర్త్ అతనికీ ఇవ్వలేదు, మా నాన్నకీ ఇవ్వలేదు. అతను కొన్నదీ మీ కంప్యూటర్‌లోనే, మా నాన్న కొన్నదీ మీ కంప్యూటర్‌లోనే. మధ్యలో కిటికీ, కాగితం ఉన్నాయి, అంతే. ఆ కాగితం చేతిలో ఉన్నందుకే ఆయన రెండుసార్లు 14 కిలోమీటర్లు ప్రయాణం చేసి, దాదాపు మూడు గంటలు నిలబడి, డబ్బు పోగొట్టుకుని ఇంటికొచ్చారు. ఇది న్యాయమేనా సార్?

ఒకప్పుడు కౌంటర్ టికెట్‌కి ఒక ఉపయోగం ఉండేది. వెయిటింగ్‌లో ఉండిపోయినా స్లీపర్ బోగీ ఎక్కి ఏదో మూల కూర్చుని వెళ్లేవాళ్లు. 2025 మే 1 నుంచి దాన్ని గట్టిగా ఆపేశారు. ఆపడం తప్పని నేను అనను. బెర్త్ ఖరారైనవాళ్లు కాళ్లు చాపుకోలేక పడే అవస్థ నేనూ పడ్డాను. కానీ బోగీ ఎక్కే దారి మూసినప్పుడు డబ్బు వెనక్కి వచ్చే దారి తెరవాలి కదా! ఆన్‌లైన్ వాళ్లకి ఎక్కే వీలు లేదు, డబ్బు దానంతట అదే వస్తుంది. మా వాళ్లకి ఇప్పుడు స్లీపర్ ఎక్కే వీలూ లేదు, డబ్బూ దానంతట అది రాదు.

జనరల్ బోగీలో వెళ్లొచ్చు కదా అంటారు. కళ్లు సరిగ్గా కనపడని అమ్మని, మోకాళ్ల నొప్పులున్న నాన్నని వేసవిలో రాత్రంతా జనరల్ బోగీలో పంపమంటారా? వెళ్లగలిగినవాళ్లకి ఆ వీలు ఉండనివ్వండి. వెళ్లలేనివాళ్లకి డబ్బు ఇవ్వండి. రిజర్వేషన్ ఫారంలో "మీరు డాక్టరా" అని అడుగుతారు, పై తరగతికి మార్చమంటారా అని అడుగుతారు. "చార్ట్‌లో బెర్త్ రాకపోతే టికెట్ రద్దు చేయాలా" అని ఇంకొక్క గడి పెట్టలేరా? ఫారంలో మొబైల్ నంబర్ ఎలాగూ రాయించుకుంటున్నారు. టికెట్‌కి యూపీఐలో డబ్బు తీసుకుంటున్నారు. డబ్బు వచ్చిన దారినే వెనక్కి పంపడానికి మళ్లీ మనిషి ఎందుకు రావాలి? నగదు ఇచ్చినవాళ్లయితే వాళ్ల ఖాతా నంబర్ అక్కడే రాసిస్తారు.

"నాన్నా, ఇకనుంచి నేనే ఫోన్‌లో తీస్తాను" అని నేనూ అన్నాను. నాకు ఐఆర్‌సీటీసీ ఖాతా ఉంది, నా ప్రయాణాలన్నీ అందులోనే. డిజిటల్ టికెట్ మంచిదే. పోయేదేమీ ఉండదు, మెసేజ్ చూపించి గుర్తింపు కార్డు ఇస్తే చాలు. కానీ నాన్న ఒప్పుకోరు. దానికి కారణం మొండితనం కాదు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోన్. కొన్నేళ్ల క్రితం ఒక నెట్ సెంటర్‌లో టికెట్ తీయించుకున్నారు. అది వెయిటింగ్‌లో ఉండి రద్దయింది. డబ్బు తిరిగొచ్చింది, ఆ షాపు అతని ఖాతాలోకి! ఇవాళ రేపు అంటూ అతను నెల తిప్పాడు. ఆ తర్వాత నాన్న ఒకటే మాట అంటారు, "నా డబ్బు నా చేత్తో ఇవ్వాలి, నా చేతికి రావాలి" అని. కూతుర్ని అయినా సరే, ప్రతి ప్రయాణానికీ నన్ను అడగడం ఆయనకి ఇష్టం ఉండదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఎవరినీ చెయ్యి చాచి అడిగిన మనిషి కాదు. ఆ కాగితం టికెట్‌ని పాలిథిన్ కవర్లో పెట్టి, డైరీలో దాచుకుని, రోజుకోసారి తీసి చూసుకుంటారు. రైలు పేరు, తేదీ, తన పేరు, అన్నీ ఆయన కళ్ల ముందే ఉంటాయి.

జనరల్ టికెట్ దగ్గరా ఇదే తంతు. యాప్‌లో కాగితం లేని టికెట్ తీస్తే, ఏ ఫోన్‌లో తీశామో ఆ ఫోన్‌లోనే చూపించాలి. ఇంట్లో కూర్చుని నేను అమ్మకి తీసి పంపలేను. దారిలో ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క. కాబట్టి అమ్మలాంటివాళ్లు లైన్లో నిలబడాల్సిందే, బండి ఎక్కడ వెళ్లిపోతుందోనని టెన్షన్ పడాల్సిందే. ఇంకోటి. ఆన్‌లైన్ టికెట్‌కి 45 పైసలిస్తే ప్రయాణ బీమా ఉంది. కౌంటర్లో అడిగినా ఇవ్వరు. ప్రమాదం జరిగితే కాగితం టికెట్ ఉన్న మనిషి ప్రాణానికి విలువ తగ్గుతుందా సార్?

రిజర్వేషన్ టికెట్లలో పదింట ఎనిమిదికి పైగా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే అమ్ముడవుతున్నాయని మీ శాఖే చెప్తోంది. సంతోషం. అయితే మిగిలినవాళ్లు ఎవరో ఒక్కసారి ఆలోచించండి. పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు, మంచి ఫోన్ కొనలేనివాళ్లు, పనుల కోసం ఊళ్లు మారే కూలీలు. తక్కువమంది ఉన్నారని కిటికీలు తగ్గిస్తే లైన్ పెరుగుతుంది. లైన్ పెరిగితే వాళ్లూ విసిగిపోయి ఏజెంట్ దగ్గరికో, నెట్ సెంటర్‌కో వెళ్తారు. అప్పుడు కౌంటర్‌కి జనం రావడం లేదని ఇంకొకటి మూస్తారు. ఏది ఎంచుకోవాలో మా ఇష్టమేనని అంటున్నారు, ఒకటి ఎంచుకున్నవాళ్లకే ఇన్ని కష్టాలుంటే అది ఇష్టం ఎలా అవుతుంది?

ఫోన్ ఉన్నవాళ్ల సౌకర్యాలు తీసేయమని నేను అడగడం లేదు. కౌంటర్ వెయిటింగ్ టికెట్ ఖరారు కాకపోతే, కోరుకున్నవాళ్లకి డబ్బు దానంతట అదే వెనక్కి వచ్చేలా చేయండి. అప్పటిదాకా కనీసం ఆ రెండు గంటల గడువు తీసేయండి. టికెట్ ముందురోజే క్యాన్సిల్ చేశామని మీ కంప్యూటర్‌కి తెలుసు కదా, ఇక గడువెందుకు? పొద్దున తత్కాల్ లైన్‌తో కలపకుండా క్యాన్సిలేషన్‌కి వేరే కిటికీ పెట్టండి. పెద్దవాళ్లని ముందు పంపించండి. కౌంటర్ టికెట్‌కీ బీమా ఇవ్వండి. ముఖ్యంగా ఆ వాపసు సంగతి చూడండి సార్, చేతులెత్తి అడుగుతున్నాను.

మేము పోగొట్టుకున్నది 900 చిల్లర. దాని కోసం ఇన్ని ఉత్తరాలా అని మా ఇంట్లోనే అన్నారు. కానీ ఆ రోజు నాన్న ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండా కుర్చీలో కూర్చుని, "నేనే ఇంకాస్త ముందు వెళ్లి ఉండాల్సింది" అన్నారు. తప్పంతా తనదే అనుకున్నారు. అది నేను మర్చిపోలేకపోతున్నాను.

ఆ టికెట్ ఇప్పటికీ ఆయన డైరీలోనే ఉంది. అసలు కాపీ కావాలంటే చెప్పండి, తీసుకొచ్చి ఇస్తాం.

ఇట్లు,
కౌంటర్ ముందు నిలబడిన ఒక పెద్దాయన కూతురు