మా భీమిలి ఇంటికి సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

భీమిలిలో మేం కొన్న పాత డాబా ఇంటి పనులు పూర్తయ్యాయి. ఎదురింటి రిటైర్డ్ ఇంజినీరు గారు, మేస్త్రిగారు, ఎలక్ట్రీషియన్ తమ్ముడు, పక్కింటి పిన్నిగారు, కాగితాలు చూసిన లాయరు గారు లేకపోతే ఈ ఇల్లు మాకు అప్పుగానే మిగిలేది. ఆ మాట అందరి ముందూ చెప్పాలనిపించింది.

మొదటి దండం లాయరు గారికి. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) 1983 నుంచే ఉంటుందని, అంతకుముందు లావాదేవీలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో విడిగా వెతికించాలని చెప్పి, లింకు డాక్యుమెంట్లన్నీ (ఇల్లు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) తానే కూర్చుని చదివారు. అమ్మేవారి అక్కచెల్లెళ్లు కూడా సంతకాలు పెట్టడానికి ఒప్పుకున్నాకే రిజిస్ట్రేషన్‌కు సరే అన్నారు. ఆలస్యమవుతోందని అప్పుడు మాకు టెన్షన్. ఇప్పుడు నిశ్చింతగా ఉన్నామంటే ఆ సంతకాల వల్లే.

ఇంజినీరు గారు మాకు లెక్క నేర్పారు. 30 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ 26 వేల పైచిలుకు. అందులో మొదటి నెల 21,250 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలులో తగ్గేది 5 వేలు కూడా ఉండదు. "మొదటి ఏడాదంతా కట్టినా ఇంట్లో మీ వాటా పెరిగేది 60 వేల లోపేనమ్మా. ముందు ఇంటి విలువ నిలబెట్టండి, ఆ తర్వాత చేతిలో మిగిలింది అసలుకు కట్టండి" అన్నారు. మాది ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోను కాబట్టి ముందుగా కట్టినా పెనాల్టీ ఉండదని ధైర్యం చెప్పారు. పైకప్పు, నీళ్లు, కరెంటు ముందు, టైల్సూ రంగులూ ఆఖరున అనే వరస కూడా ఆయనదే.

ఇక మేస్త్రిగారి సంగతి. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పైపైన ప్లాస్టరింగ్ చేసి రంగేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు. ఆయన నిచ్చెన వేసుకుని స్లాబంతా సుత్తితో తట్టి చూసి, డొల్లగా మోగిన ప్రతిచోటా సుద్దతో గీశారు. వదులైనదంతా కొట్టించి, ఊచలను ఇనుప బ్రష్షుతో తుప్పు పూర్తిగా పోయేదాకా రుద్దించారు. బాగా సన్నబడిన ఊచల పక్కన కొత్తవి కట్టి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చారు. డాబా మీద వాలు కూడా సరిచేశారు. పైన నీళ్లు నిలుస్తుంటే కింద ఎంత చేసినా దండగే అంటారాయన, అక్షరాలా నిజం.

అద్దె, ఈఎంఐ రెండూ కట్టే స్తోమత మాకు లేదు. అందుకే ఒక గదిలో పని జరుగుతుంటే ఇంకో గదిలో ఉన్నాం. ఆ దుమ్ములో మా వంట పిన్నిగారి పొయ్యి మీదే అయ్యేది, మధ్యాహ్నాలు పాప వాళ్లింట్లోనే పడుకునేది. గ్యాసుకు డబ్బులిస్తామంటే కోప్పడ్డారు. పిన్నిగారూ, మీరు చేసింది మేం ఎప్పటికీ మరచిపోం.

ఎలక్ట్రీషియన్ తమ్ముడు పాత వైరింగంతా మార్చి, కొత్తగా ఎర్తింగ్ చేసి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాడు. పాప ఉన్న ఇంట్లో ఇది తప్పదని పట్టుబట్టాడు.

ఈమధ్య బ్యాంకు వాల్యుయర్ వేసిన విలువ మేం కొన్న ధర, పనుల ఖర్చు రెండూ కలిపినదానికన్నా ఎక్కువే వచ్చింది. స్థలం రేటు పెరగడం అందులో ఉంది. కానీ ఆ స్లాబు అలాగే ఉంటే ఇంటి కట్టడానికి పెద్దగా విలువ కట్టేవారు కాదు.

బిల్లులన్నీ ఫైలు చేయమన్నదీ ఇంజినీరు గారే. రేపు ఇల్లు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను) లెక్కలో ఈ మెరుగుదల ఖర్చు కూడా కొన్న ధరకు కలుపుకోవచ్చట. పాత స్లాబు ఇల్లు కొనే ఆలోచనలో ఎవరైనా ఉంటే ఆ ఫైలు, పనికి ముందు తీసిన ఫొటోలు చూపిస్తాం. మేస్త్రిగారి నంబరూ ఇస్తాం, ఆయన ఒప్పుకున్నారు.