ట్యాబులు లెక్కపెట్టడం కాదు, పని చేయించి చూడాలి

సంపాదకుడికి,

పాలిసెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా ఒకటే తంతు. పొద్దస్తమానం ఫోన్‌లో రీల్స్ చూసే పిల్లలు హాల్ టికెట్ నంబరు, ఓటీపీ ఆ సెంటర్ అబ్బాయికి చెప్పేసి పక్కన నిలబడతారు. ఏ కాలేజీ ముందు పెట్టాలో కూడా చాలాసార్లు అతనే తేలుస్తాడు. వీళ్లకు టెక్నాలజీ బాగా వచ్చని మనం మురిసిపోతున్నాం!

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులిచ్చారు. చర్చంతా ఎన్ని ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్నదాని చుట్టూనే తిరిగింది. వాటితో పిల్లలకు ఏం చేయడం వచ్చిందన్నది కదా అడగాల్సింది?

పిల్లల చదువుల మీద గ్రామాల్లో జరిపిన అసర్ 2024 సర్వే ప్రకారం 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. అసర్ వాళ్లు నోటిమాట అడిగి వదిలేయకుండా అలారం పెట్టించారు, యూట్యూబ్‌లో వీడియో వెతికించి పంపించారు. పద్ధతి మంచిదే. అయితే హైస్కూలు పిల్లలకు అలారం ఒక పరీక్షా?

ఐసీఐఎల్ఎస్ అనే అంతర్జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల చేత కంప్యూటర్ మీదే పనులు చేయిస్తారు. 2023లో యూరోపియన్ యూనియన్ పిల్లల్లో 43 శాతం కనీస స్థాయి అందుకోలేదు. మన దేశం అందులో లేదు. అక్కడే అలా ఉంటే మన సంగతి చూసుకోవద్దా?

రెండు తెలుగు రాష్ట్రాల్లో పాఠ్యప్రణాళికలు చూసే ఎస్సీఈఆర్టీలు ఏటా కొన్ని బడులు ఎంచుకుని తొమ్మిదో తరగతి వాళ్లకు పనులివ్వాలి. స్కాలర్‌షిప్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన లింకు అసలుదో నకిలీదో తేల్చమనాలి. ఫొటో సైజు తగ్గించి దరఖాస్తుకు జత చేయమనాలి. ఏఐ చెప్పిన జవాబును పాఠ్యపుస్తకంతో సరిచూడమనాలి. ఇదంతా బడిలోని కంప్యూటర్ మీదే జరగాలి. ఇంట్లో ఫోన్ అన్న చేతిలో ఉండే ఆడపిల్ల ఆ ఒక్క కారణంగా వెనకబడకూడదు.

మార్కుల మెమోలో మాత్రం దీన్ని ఎక్కించొద్దు. బిట్ పేపర్ చేశారంటే 'పాస్‌వర్డ్ అనగానేమి' అని రెండ్రోజుల్లో బట్టీ పట్టించేస్తారు. పిల్లలు ఏ పని దగ్గర ఆగిపోయారో హెడ్మాస్టర్‌కు తెలియజేసి, కంప్యూటర్ పీరియడ్‌లో ఆ పనే నేర్పిస్తే చాలు. ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోకుండా చూసే బాధ్యత మాత్రం మండల విద్యాధికారులదే (ఎంఈవోలదే).

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి