కాంపౌండ్ మూశారు సరే, తాగేవాళ్ల సంగతేంటి?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో కల్తీ కల్లు దాడుల వార్త చూశాను. సీసాలు వరసగా పేర్చి, వెనకాల అధికారులు నిలబడిన ఫోటో వేశారు. అప్పుడే రాద్దామనుకుని, కోపంలో ఏం రాస్తానోనని నాలుగు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. కల్తీ చేసేవాళ్లను పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కల్లు అమ్మే కాంపౌండ్‌లో ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనుషులు మర్నాటి నుంచి ఏమైపోతారు? ఆ వార్తలో దాని గురించి ఒక్క ముక్క లేదు. దాడికి వెళ్లినవాళ్లకైనా ఆ ఆలోచన వచ్చిందో లేదో.

ఏమైపోతారో నేను కళ్లారా చూశాను. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయినప్పుడు మా ఇళ్ల దగ్గరి కాంపౌండ్ కూడా మూసేశారు. మా తమ్ముడు పెయింటింగ్ పనికి వెళ్తాడు. పొద్దున సీసా పడితే గానీ బ్రష్ పట్టుకోలేడు, చెయ్యి అంత వణుకుతుంది. మూసిన రోజు చిరాకుగా ఇంట్లోకీ బయటికీ తిరిగాడు. రెండో రోజు ఒకటే చెమటలు, కన్ను మూత పడలేదు. మూడో రోజు రాత్రి మా మరదలు ఫోన్ చేసి, "వదినా, జల్ది రా, ఈయన నన్నే గుర్తుపడతలేడు" అని ఏడ్చింది. నేను వెళ్లేసరికి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒక్కొక్కటే ఏరి పక్కన పడేస్తున్నాడు. అక్కడ ఒక్క చీమ లేదు. వాళ్ల పాప తలుపు పట్టుకుని "లేవు నాన్నా, లేవు" అంటూనే ఉంది. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి.

ఆటోలో వేసుకుని ఒక సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్నాయన "తాగుడు కేసా" అని అడిగి, సెలైన్ పెట్టించి, పొద్దున ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. తాగి వచ్చిన మనిషి కాదు సార్, తాగుడు ఆగిపోయి ఇలా అయ్యాడు అని ఎన్నిసార్లు చెప్పినా వినే ఓపిక ఎవరికీ లేదు. పక్క బెడ్డు మీద గుండెనొప్పి పేషెంటుకు ఇచ్చిన మర్యాదలో పావు వంతు కూడా మాకు దక్కలేదు.

ఇది ఒంటి జబ్బేనని ఎవరికి చెప్పాలి? నగరంలో ఇంతమంది తాగే కల్లుకు సరిపడా ఈత చెట్లు, తాటి చెట్లు ఎక్కడున్నాయి? కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారని ఎక్సైజ్ వాళ్ల పరీక్షల్లోనే ఎన్నోసార్లు తేలింది. అల్ప్రాజోలం అంటే టెన్షన్‌కీ నిద్రకీ డాక్టర్ చీటీ మీద ఇచ్చే మాత్ర. ఏళ్ల తరబడి ఒంట్లో పడుతున్న మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. డాక్టర్లయితే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. మన దగ్గర తాళం వేసి ఒక్క రాత్రిలో మాన్పిస్తున్నారు.

పోనీ ఇది కొత్తా అంటే కాదు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో మళ్లీ తెరిపించారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కల్లూ మందూ దొరక్క వణుకుతూ, పిచ్చి చూపులు చూస్తూ జనం ఎర్రగడ్డకు పరిగెత్తారు, పేపర్లన్నీ రాశాయి. అంత జరిగాక కూడా దుకాణం మూసే ముందు ఒక డాక్టర్‌ను పిలవాలని ఎవరికీ తోచకపోతే మేమేమనుకోవాలి?

తర్వాత ఎవరో చెబితే ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చాం. నెలకు పాతిక వేలు, మా మరదలి పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టాం. ఫోన్ ఇవ్వరు, పదిహేను రోజుల దాకా చూడనివ్వరు. పదహారో రోజు వెళ్తే వాడి వీపు మీద వాతలున్నాయి. డాక్టర్ ఎవరని అడిగితే వారానికోసారి వస్తారన్నారు. అదే రోజు ఇంటికి తెచ్చేసుకున్నాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా దాని కిందికే వస్తాయి. సర్కారు ఖర్చుతో నడిచే చోట చికిత్స పొందడం హక్కు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఇలాంటి రోగులను ఉంచుకుని చికిత్స చేసే ఏ కేంద్రమైనా రిజిస్టర్ చేయించుకోవాలి. మరి ఎవరు తనిఖీ చేస్తున్నారు? గంజాయి కేసుల్లో పట్టుబడే పిల్లల సంగతీ అంతే. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులో తనంతట తాను సర్కారు గుర్తించిన చోట చికిత్సకు ముందుకొచ్చినవాడిని ప్రాసిక్యూషన్ నుంచి మినహాయించవచ్చు. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? దాడి చేసిన వార్తకు ఇచ్చిన చోటులో సగం దీనికివ్వండి.

డబ్బుల్లేవని మాత్రం చెప్పొద్దు. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులున్నాయి. 2025లో వాటికి దరఖాస్తు పెట్టుకోవడానికే ఒక్కొక్కరి దగ్గర 3 లక్షలు తీసుకున్నారు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. అందులో కొంత తీసినా ప్రతి ఏరియా ఆసుపత్రిలో నాలుగు బెడ్లు పెట్టొచ్చు. కేంద్రం చేయించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనే, మద్యం సమస్య ఉన్న ప్రతి వందమందిలో 85 మందికి పైగా చికిత్స అందడం లేదని తేలింది.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. కాంపౌండ్‌కు సీలు వేసిన రోజే అక్కడ ఒక డాక్టర్‌నీ అంబులెన్స్‌నూ ఉంచండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే సర్కారు 14416 టెలీమానస్ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి మాకది తెలియదు. ఆ నంబరు ప్రతి కాంపౌండ్ గోడ మీద, ప్రతి వైన్స్ ముందు పెద్దక్షరాలతో రాయించండి. బస్తీ దవాఖానల్లో డాక్టర్లకు దీనిపై ట్రైనింగ్ ఇచ్చి, మాత్రలు అక్కడే అందేలా చూడండి.

మా తమ్ముడు ఇప్పుడు ఎర్రగడ్డ ఓపీకి వెళ్తున్నాడు. అక్కడి డాక్టరమ్మ వాడిని "ఏం నాయనా, నిద్ర పడుతోందా" అని అడిగిన రోజు ఇంటికొచ్చి ఆ మాటే పదిసార్లు చెప్పాడు. కానీ వెళ్లిన ప్రతిసారీ రెండు బస్సులు మారాలి, లైన్‌లో నిలబడాలి, ఆ రోజు కూలి పోయినట్టే. మా వీధి చివర బస్తీ దవాఖాన ఉంది. బీపీ, షుగర్ మాత్రలు అక్కడే ఇస్తారు. వాడి మాత్రలు మాత్రం దొరకవు. ఆ కాంపౌండ్‌ను మాత్రం మళ్లీ తెరిచారు, వాడు పనికి వెళ్లే దారి అదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్