36 నంబరు పన్నుకు ఏ క్యాప్?

చిట్టితల్లీ,

రూట్ కెనాల్ చేయించుకున్న నీ పన్నుకి వేసే క్యాపుల గురించి వాట్సాప్‌లో పంపిన రేట్ల కాగితం చూశాను. మెటల్, సిరామిక్, జిర్కోనియా, ఈ-మ్యాక్స్ అని నాలుగు రకాలు, వాటి ఎదురుగా ధరలు. "ఖరీదైనదే మంచిదా నాన్నా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళే ముందు ఇంకోసారి చూసుకో.

ఏ క్యాప్ అయినా సరే, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. రూట్ కెనాల్ అయ్యాక నొప్పి పోతుంది, చాలామంది అక్కడితో ఆగిపోతారు. పుచ్చు కొంత తినేసింది, నరం తియ్యడానికి డాక్టరు ఇంకొంత తొలిచారు. మిగిలినవి పలచబడ్డ గోడలు. గట్టి పదార్థం ఏదైనా నమిలినప్పుడు గోడ నిలువునా చీలి, ఆ చీలిక వేరు దాకా పోతే పన్ను పీకించుకోవడం తప్ప దారి ఉండదు. నీది 36 నంబరు పన్ను. అంటే కింది దవడలో ఎడమవైపు, ఆరేళ్ళప్పుడు వచ్చిన మొదటి దవడపన్ను. నమిలే పనిలో పెద్ద వాటా దానిదే. ఆఫీసులో పని ఎంత ఉన్నా కొద్ది వారాల్లోనే క్యాప్ పెట్టించుకో. ఈలోగా ఆ వైపు నమలకు.

ఇక ఏది మంచిదన్న మాట. ఇన్నేళ్ళూ ఒంగోలు ల్యాబ్‌లో కూర్చుని క్యాపులు చేసినవాణ్ణి కాబట్టి నాకు కనిపించేది చెబుతాను. ల్యాబ్‌కి వచ్చేది పంటి అచ్చు మాత్రమే, మనిషిని మేం చూడం. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి నమూనా తీస్తే చాలు, ఈ క్యాప్ నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. పన్ను చుట్టూ చెక్కిన అంచు స్పష్టంగా ఉందా, పైపన్నుకీ దీనికీ మధ్య చోటు చాలుతుందా, చెక్కిన తర్వాత ఎత్తు ఎంత మిగిలింది, మేం చూసుకునేవి ఇవే. ఇవి సరిగ్గా ఉంటే మామూలు మెటల్ క్యాప్ కూడా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఇవి లేనప్పుడు ఎంత పెట్టి కొన్న జిర్కోనియా అయినా ఊడిపోతుంది, లేకపోతే సందులోంచి ఉమ్మి దిగి లోపల పన్ను పుచ్చిపోతుంది. అందుకని ధరల సంగతి తర్వాత. "పన్ను ఎంత మిగిలింది డాక్టర్ గారూ, ఇంకా ఎంత చెక్కాలి?" అని ముందు అడుగు.

చిగురు పైన చుట్టూతా కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సొంత పన్ను ఉండాలి. బండిచక్రానికి ఇనప పట్టా బిగించినట్టు క్యాప్ అంచు ఆ పన్నును పట్టుకుని చీలిపోకుండా కాపాడుతుంది. పట్టుకోవడానికి సొంత పన్ను లేక, క్యాప్ ఉత్త ఫిల్లింగ్ మీద కూర్చుంటే ఎక్కువకాలం ఉండదు. దవడపన్నుకైతే చెక్కిన తర్వాత నాలుగు మిల్లీమీటర్ల ఎత్తయినా మిగలడం మంచిది. ఒకవేళ గోడలు దిట్టంగా ఉన్నాయని ఆయనంటే, పన్నంతా చెక్కకుండా నమిలే భాగాన్ని మాత్రమే కప్పే ఆన్‌లే కుదురుతుందేమో అడుగు. కుదిరితే అంతకంటే కావలసింది లేదు.

రేట్ల కాగితంలో సిరామిక్ అని రాసినది నిజానికి లోపల లోహం, పైన పింగాణీ పొర ఉండే క్యాప్. దశాబ్దాలుగా జనం నోళ్ళలో పనిచేస్తున్నదే, చెడ్డదని నేననను. కాకపోతే లోహానికీ పింగాణీకీ రెండింటికీ చోటు కావాలి కాబట్టి నమిలే వైపు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా చెక్కాల్సి వస్తుంది. గట్టిగా నమిలేవాళ్ళకి పింగాణీ పెచ్చు ఊడుతుంది. వయసుతో చిగురు కిందికి జారితే అంచు దగ్గర నల్లటి గీత బయటపడుతుంది. తక్కువ ధరకి చేసేవాటిలో లోహం ఎక్కువగా నికెల్-క్రోమియం. నీకిది పడకపోవచ్చు. చిన్నప్పుడు గిల్టు దుద్దులు పెట్టుకుంటే చెవులు ఎర్రబడి రసి కారేవి, గుర్తుందా? అది నికెల్ ఎలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ విషయం డాక్టరుగారికి తప్పకుండా చెప్పు. లోహం వాడక తప్పదంటే నికెల్ లేని కోబాల్ట్-క్రోమియం అడగొచ్చు.

ఈ-మ్యాక్స్ అంటే లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్. ల్యాబ్‌కి ఊదారంగు దిమ్మలా వస్తుంది. దాన్ని మిషన్లో చెక్కి 840 డిగ్రీల దగ్గర కాలిస్తే పంటి రంగు తేలుతుంది. కొలిమి తలుపు తీసినప్పుడల్లా ఆ రంగు చూడటం నాకు ఎప్పటికీ ఇష్టమే. వెలుతురు అచ్చం పన్నులోకి వెళ్ళినట్టే దానిలోకి వెళ్తుంది, అందుకే ముందుపళ్ళకి అది చక్కగా ఉంటుంది. దాని బలం 400 మెగాపాస్కల్స్ దరిదాపు. జిర్కోనియా కూడా లోహం లేని తెల్లటి సిరామిక్కే, దాని బలం 1000 దాటుతుంది. జిర్కోనియాని మెత్తగా ఉన్నప్పుడే కావలసినదానికంటే అయిదో వంతుకు పైగా పెద్దదిగా చెక్కి, 1500 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. అక్కడ అది కుంచించుకుని సరైన కొలతకి వస్తుంది, రాయిలా గట్టిపడుతుంది.

నువ్వు రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతావు. ఇంటర్ పరీక్షలప్పుడు ఆ చప్పుడుకి మీ అమ్మకి మెలకువ వచ్చేది. ఇప్పుడు కూడా టెన్షన్ ఎక్కువైతే పొద్దున్నే దవడ నొప్పిగా ఉందంటున్నావు. అలాంటి నోటికి, నికెల్ పడనప్పుడు, 36కి నా ఓటు జిర్కోనియాకే. మొత్తం ఒకే ముక్కగా చేసినది, పైన పింగాణీ పొర లేనిది. జిర్కోనియాలో కూడా రకాలున్నాయి. బాగా పారదర్శకంగా, అందంగా ఉండేవాటికి బలం తక్కువ. వెనక పన్నుకి అందం కంటే బలమే చూడమని అడుగు. ఇది ఒక మిల్లీమీటరు మందమున్నా సరిపోతుంది, కాబట్టి నీ పన్ను కూడా తక్కువ పోతుంది. దాంతోపాటు రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకో, లేకపోతే మిగతా పళ్ళు అరిగిపోతాయి.

వారంటీ కార్డు ఇస్తారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు అని ఉంటుంది. అది క్యాప్ విరిగితే మార్చి ఇస్తామన్న హామీ. కింద నీ పన్ను పుచ్చితే ఆ కార్డు పనికిరాదు. కార్డులో సంవత్సరాలు ఎక్కువున్నాయని రకం ఎంచుకోవద్దు.

నువ్వు మెసేజ్ చివర అడిగిన మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఎలాగూ వెళ్తున్నాను కదా, ముందుపళ్ళ మీది గోధుమ మచ్చలు కనపడకుండా వాటికీ క్యాపులు వేయించుకోనా అన్నావు. వద్దు తల్లీ. ఆ మచ్చలు మన కనిగిరి నీళ్ళవి. మన ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని, దానివల్ల జనం పళ్ళూ ఎముకలూ పాడవుతున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. అప్పట్లో ఇదంతా నెల్లూరు జిల్లా. పసితనంలో దవడ లోపల పళ్ళు తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ళ గుర్తు పైన కనబడుతోంది, అంతే. ఆ పళ్ళకి పుచ్చు లేదు, నొప్పి లేదు, నరం బతికే ఉంది. క్యాప్ వెయ్యాలంటే బయట కనిపించే పన్నులో సగానికి పైనే చెక్కెయ్యాలి. చెక్కింది మళ్ళీ రాదు. వయసులో ఉన్నవాళ్ళకి నరం గది పెద్దది కాబట్టి చెక్కుడు వేడికి నరం చచ్చి, మంచి పన్నుకి రూట్ కెనాల్ చెయ్యాల్సి రావచ్చు. ఆ క్యాపులు ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పన్ను పోతుంది.

మచ్చలు నిన్ను బాధపెడుతున్నాయని నాకు తెలుసు. ఫోటోల్లో పెదవులు మూసుకుని నవ్వుతావు, మేం చూడకపోలేదు. దానికి వేరే దారులున్నాయి. పైపొరని మాత్రం సన్నగా ఆమ్లంతో రుద్ది తీసే మైక్రోఅబ్రేషన్ ఉంది, తర్వాత బ్లీచింగ్ చెయ్యొచ్చు. లేత మచ్చలకి అవే చాలావరకు సరిపోతాయి. అప్పటికీ మిగిలితే పళ్ళ రంగు ఫిల్లింగ్ పూత, చిట్టచివరికి పన్ను ముందువైపు అతికించే పలచని పెంకులు, అంటే వెనీర్లు. ముందు తక్కువ పోయే పద్ధతితో మొదలుపెట్టమను. "నాలుగు పళ్ళకీ కలిపి ప్యాకేజీ" అని ఎవరైనా అంటే ఒప్పుకోకుండా వచ్చెయ్. వేరే డాక్టరుకి చూపిద్దాం. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

క్యాప్ బిగించే రోజు సంగతి. సిమెంటు పెట్టకముందు ఒకసారి తొడిగి చూపిస్తారు. తొందరపడి బాగుందనకు. పక్కపళ్ళ మధ్య ఫ్లాస్ దారం కాస్త బిగువుగా దిగాలి. వదులుగా దిగితే రేపు మటన్ పీచూ మామిడిపండు పీచూ అక్కడే ఇరుక్కుంటాయి. నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట అరగదీస్తారు. జిర్కోనియాని అరగదీశాక మళ్ళీ నున్నగా పాలిష్ చెయ్యాలి, గరుగ్గా వదిలేస్తే ఎదురుపన్ను ఎనామిల్‌ని అరగదీస్తుంది. పాలిష్ చేశారా అని అడగడానికి మొహమాటపడకు. అంచు దగ్గర చిగురు మీద సిమెంటు ముక్కలు మిగలకుండా తీయించుకో.

డాక్టరుగారు ఎంత ఎత్తు మిగిలిందన్నారో, ఆన్‌లే కుదురుతుందన్నారో లేదో అడిగి నాకు రాయి. ఎక్స్‌రే ఫోటో కూడా పంపు. వాళ్ళు క్యాప్ ఏ ల్యాబ్‌లో చేయిస్తారో కనుక్కుంటే ఇంకా మంచిది. నాకు తెలిసినవాళ్ళయితే ఒక మాట చెబుతాను.

ప్రేమతో
నాన్న