కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఫ్యాక్టరీల్లో వ్యర్థాలు పుట్టాక శుద్ధి చేయడం కన్నా పుట్టకుండా చూడడమే మేలన్న మన సంఘం ఆశయం మీకు తెలిసిందే కాబట్టి నేరుగా ఏడాది పనిలోకి వస్తాను.

ఈ సంవత్సరం గర్వంగా చెప్పుకోవలసింది లోహపు సరుకుకు నికెల్ పూత వేసే ప్లేటింగ్ షెడ్డులో పెట్టిన ప్రదర్శన. ప్లేటింగ్ ట్యాంకులోంచి తీసిన, సరుకును వేలాడదీసే జిగ్‌ను వెంటనే నీళ్లతో కడిగే రిన్స్ ట్యాంకులో ముంచకుండా, పైనే పదిహేను సెకన్లు ఆపి చూపించాం. పచ్చటి ద్రావణం చుక్కచుక్కగా మళ్లీ అదే ట్యాంకులో పడుతుంటే, ఒక యజమాని "ఇన్నాళ్లూ డబ్బును కాలవలో పోశామండీ" అన్నారు. నిజమే. జిగ్‌కు అంటుకున్న ద్రావణం కడిగే నీళ్లలో కలిసి, డబ్బిచ్చి కొన్న రసాయనమే మురుగవుతోంది. ఆ మురుగును శుద్ధి చేయడానికి మళ్లీ రసాయనాలు కొంటున్నాం, మిగిలిన బురదను పంపించడానికి ఇంకోసారి చెల్లిస్తున్నాం. తర్వాత మూడు రిన్స్ ట్యాంకులను వరసగా పెట్టి, మంచినీళ్లు చివరి దాంట్లో వదిలి, సరుకు నడిచే దారికి ఎదురు పారించాం. నీటి వాడకం బాగా తగ్గింది. మొదటి ట్యాంకులో చిక్కబడిన నీళ్లు, వేడికి ఆవిరై తగ్గిన ప్లేటింగ్ ట్యాంకును నింపడానికే పనికొచ్చాయి. షెడ్డు ఇచ్చిన సభ్యుడికి, రెండు రోజులు పని ఆపి సహకరించిన కార్మికులకు సంఘం రుణపడి ఉంది.

చర్చా సమావేశంలో అమెరికాకు చెందిన 3ఎం కంపెనీ కాలుష్యాన్ని పుట్టకుండానే ఆపడానికి 1975లో మొదలుపెట్టిన పథకం గురించి చెప్పుకున్నాం. పొగగొట్టం చివర ఫిల్టర్ బిగించడం కన్నా తయారీ పద్ధతినే మార్చడం మేలని, ఆ మార్పుల్ని సొంత ఉద్యోగులే సూచించాలని దాని పద్ధతి. డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్ మాటా వచ్చింది. అక్కడ విద్యుత్ కేంద్రం పొగలోంచి గంధకాన్ని తొలగిస్తే వచ్చిన జిప్సమ్, పొరుగున ఉన్న, గోడలకు వాడే బోర్డుల ఫ్యాక్టరీకి ముడిసరుకైంది. పైనుంచి ఎవరో ఆజ్ఞాపిస్తే కాదు, ఇరుగుపొరుగు మాట్లాడుకుంటే కుదిరింది. అన్ని మార్పులూ వెంటనే లాభమివ్వవు, కొన్నింటికి పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ముందు జిగ్ ఆపడం, లీకులు కట్టడం లాంటి ఖర్చులేని పనులు చేద్దామని నా విన్నపం.

చెప్పక తప్పని బాధ ఒకటుంది. యూనిట్లలో నీటి వాడకం కొలవడానికి పేర్లిచ్చిన పన్నెండు మందిలో నలుగురే వచ్చారు. ఆ నలుగురే మూడు వారాలు తెల్లవారుజామున షిఫ్టు మొదలవక ముందే వచ్చి మీటర్లు రాసుకున్నారు. అధికారులను మూడుసార్లు పిలిచాం, ఒక్కరూ రాలేదు. కనీసం ఉత్తరానికి జవాబైనా ఇచ్చి ఉంటే బాగుండేది.

జమాఖర్చుల పట్టిక వెనుక పేజీలో ఉంది, ఆడిటర్ గారు సంతకం చేశారు. బకాయి చందాలు ఈ నెలలోనే కట్టగలరు.

వచ్చే ఏడాది ప్రతి యూనిట్‌లో లైనుకో నీటి మీటరు పెట్టించాలని తీర్మానం ప్రవేశపెడుతున్నాను. బలపరిచేవారు పేరుతో పాటు తాము ఏ రోజు కొలతలకు రాగలరో కూడా రాసివ్వండి.