ఆటోనగర్ సోదరుడి వైద్య నిధి: జమా ఖర్చుల వివరణ

పటమట కాలనీ వాసులకు, ఆటోనగర్ మిత్రులకు కమిటీ నమస్కారాలు. లేత్ పని చేసే మన సోదరుడి వైద్యానికి మీరిచ్చిన డబ్బు లెక్క ఇది.

జమ: కాలనీ ఇళ్ల నుంచి రూ.1,64,500. షాపుల వారు, తోటి పనివాళ్లు కలిసి రూ.1,20,000. వినాయక చవితి పందిరి మిగులు రూ.21,000. మొత్తం రూ.3,05,500. టీ కొట్టు అమ్మ ఇప్పటికీ వారం వారం వంద రూపాయలు తెచ్చి ఇస్తోంది, ఆమె రుణం తీర్చుకోలేం. మీటింగులో ఇస్తామని రాయించి ఇంకా ఇవ్వని మొత్తం రూ.62,000. పేర్లు రాయడం మర్యాద కాదని ఆగాం.

ఖర్చు: మొదటి అడ్మిషన్, ఎకో (గుండె అల్ట్రాసౌండ్), ఈసీజీ, స్కాన్ రూ.48,200. హైదరాబాద్ రాకపోకలు, బస రూ.17,300. బయాప్సీ (ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చూడటం), జబ్బు రకం తేల్చే పరీక్షలు రూ.74,000. ఇంజెక్షన్లు, మందులు రూ.1,28,000. మొత్తం రూ.2,67,500. నిల్వ రూ.38,000.

గొడవంతా ఆ రూ.74,000 దగ్గరే. ‘స్కాన్‌లో జబ్బు తెలిసిపోయాక మళ్లీ టెస్టులేంటి, వైద్యం ఆపి డబ్బు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు’ అన్న మాట మా చెవిన పడింది. బాధ కలిగింది. అందుకే వివరంగా రాస్తున్నాం.

ఎకోలో గుండె గోడలు మందంగా ఉన్నాయి. అలాంటప్పుడు ఈసీజీ గీతలు పెద్దవిగా రావాలి, ఈయనకు చిన్నవిగా వచ్చాయి. దానికి తోడు అరికాళ్ల తిమ్మిర్లు, లేచి నిలబడితే బీపీ పడిపోవడం. చొక్కా గుండీ కూడా భార్యే పెట్టాల్సిన పరిస్థితి. ఇవన్నీ కలిపి చూసి డాక్టరు గారు అమైలాయిడోసిస్ అని అనుమానించారు. చెడిన ప్రొటీన్ గుండెలో, నరాల్లో పేరుకుపోయే జబ్బు ఇది. ఆ ప్రొటీన్ లివర్‌లో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ కావచ్చు, ఎముక మజ్జ కణాలు వదిలే లైట్ చెయిన్ కావచ్చు. పీవైపీ అనే గుండె స్కాన్‌లో గుండె వెలిగితే మొదటి రకమని చెబుతారు, కానీ రక్తంలో లైట్ చెయిన్లు ఎక్కువగా ఉంటే ఆ స్కాన్ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఈయనకు అవి ఎక్కువగానే ఉన్నాయి. అందుకే పొట్ట దగ్గరి కొవ్వు, ఎముక మజ్జ తీశారు. కాంగో రెడ్ రంగు వేసి పోలరైజ్డ్ వెలుతురులో చూస్తే ఆకుపచ్చగా మెరిసింది, జబ్బు ఖాయమైంది. అది ఏ ప్రొటీనో తేల్చడానికి శాంపిల్ బయటి ల్యాబ్‌కు వెళ్లింది. ఆలస్యం అక్కడే. ఆ రోజుల్లో మాకూ టెన్షనే.

లైట్ చెయిన్ రకమని రిపోర్టు వచ్చింది. కొందరు పెద్దలు కొనమన్న టాఫామిడిస్ మందు ట్రాన్స్‌థైరెటిన్ రకానికే పనికొస్తుంది. అది కొని ఉంటే డబ్బు పోయేది, గుండె ఇంకా పాడయ్యేది. ఇప్పుడు వారానికోసారి బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్ మందులు నడుస్తున్నాయి. బోర్టెజోమిబ్ నరాల తిమ్మిర్లను పెంచగలదు కాబట్టి ప్రతిసారీ పాదాలు చూశాకే డోసు వేస్తున్నారు. డారాటుముమాబ్ అనే మందు కూడా కలిపితే మేలని డాక్టరు గారు చెప్పారు, కానీ ఆ ఖర్చు మన నిధికి మించినది.

బిల్లులు కమ్యూనిటీ హాల్ బీరువాలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఉన్న రూ.38,000 రాబోయే ఇంజెక్షన్లకే. రాయించిన వారు ఈ నెలాఖరులోగా ఇచ్చి రసీదు తీసుకోవాలని కోరుతున్నాం.