కచేరీలో కుర్చీ ఇచ్చిన పెద్దమనిషికి

మొన్న విజయనగరంలో వయొలిన్ కచేరీకి మా నాన్నగారిని తీసుకెళ్లాను. ఆయనకి చెవి కాస్త మందం. వెనక వరుసలో చెయ్యి చెవికి ఆనించుకుని వింటుంటే చూసి, స్పీకర్ పక్కనున్న మీ కుర్చీ ఆయనకిచ్చేసి, కచేరీ అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. రసికులకేం కొదవ! మంచి సీటు వదులుకునే రసికులే అరుదండీ.

తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టంలో, మృదంగం తిశ్రంలోకి, మూడేసి దెబ్బల నడకలోకి, తిరిగినప్పుడు నాన్నగారి వేళ్లు తొడమీద తాళం తప్పకుండా పడ్డాయి. చాన్నాళ్లకి చూశానది.

తీరా వెతికితే మీరు లేరు. నీలం చొక్కా, చేతిలో గొడుగు, అంతే గుర్తు. చాలా థాంక్సండీ. ఈసారి కనిపిస్తే గంటస్తంభం దగ్గర టీ నాది.